కిరాయి ఇంటి తలుపు తట్టిన ఆక్టేవియా హిల్

కిరాయి ఇల్లు చూడ్డానికి వెళ్తే మనం ఏమేం అడుగుతాం? నల్లా రోజూ వస్తుందా, రోజు విడిచి రోజా? బోరు ఉందా? కరెంటు మీటరు వేరేనా? వంటింట్లో గాలి ఆడుతుందా? అడ్వాన్సు ఎంత? ఇవన్నీ అడిగి, అర్రలన్నీ ఒకటికి రెండుసార్లు తిరిగి చూసి సామాను దించుకుంటాం. మరి ఆ తర్వాత ఆ ఇంటి బాగోగులు చూసేదెవరు? వానకు పైకప్పు కారినా, మోరీ నిండి వాకిట్లోకి పొంగినా, బాత్రూం తలుపు ఊడి చేతికొచ్చినా ఇంటాయనతో చెప్పడానికి మొహమాటం. గట్టిగా చెబితే ఖాళీ చేయమంటాడేమోనని భయం. ఇల్లు దొరకడమే కష్టమైనచోట ఇల్లు బాగాలేదని అనడం ఇంకా కష్టం.

పాత కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల్లో ఈ భయం తెలియని ఇల్లాలు అరుదు. పిల్లల చదువుకోసం కరీంనగర్‌లో రెండర్రల పోర్షను తీసుకునే కుటుంబాలు, గోదావరిఖని, మంచిర్యాల, బెల్లంపల్లిల్లో బొగ్గుబావుల పనిని నమ్ముకుని వచ్చిన కుటుంబాలు, సిరిసిల్లలో మరమగ్గాల మీద బతికే కుటుంబాలు - అందరికీ కిరాయి ఇల్లే దిక్కు. సింగరేణి క్వార్టరు దొరికిన వాళ్ళకు మరమ్మతులు చూసే విభాగం ఒకటి కంపెనీలోనే ఉంటుంది. బయట గల్లీలో ఉండేవాళ్ళకు అదీ లేదు. కోరుట్ల, మెట్‌పల్లి, జగిత్యాలల్లో బీడీలు చుట్టే అక్కచెల్లెళ్ళకైతే ఇల్లే కార్ఖానా. వాన కురిసే ఇంట్లో ఆకు, తంబాకు తడవకుండా కాపాడుకుంటూ, చీకటి అర్రలో కళ్ళు చికిలించుకుంటూ పని చేసుకోవాలి. ఇల్లు పాడైతే కూలీ కూడా పోతుంది.

సరిగ్గా ఇలాంటి బాధలే పడిన లండన్ పేదల కోసం, కిరాయి ఇళ్ళను వారం వారం వెళ్ళి చూసి రావడమే జీవితంగా పెట్టుకున్న ఒక మహిళ ఉంది. ఆమె ఆక్టేవియా హిల్. అప్పటికి ఆడవాళ్ళకు ఓటు లేదు, పెద్ద ఉద్యోగాలు లేవు. ఆమెకు బడి చదువు కూడా లేదు. అయినా ఒక ఇంటికి మరమ్మతు ఎలా చేయించాలో, కిరాయి ఎలా వసూలు చేయాలో, ఆ రెండింటికీ ఉన్న సంబంధం ఏమిటో ఆమె దగ్గర దేశదేశాల వాళ్ళూ నేర్చుకున్నారు.

చిన్నప్పుడే చెదిరిన గూడు

ఆక్టేవియా 1838 డిసెంబరు 3న ఇంగ్లండులోని విస్‌బీచ్ అనే చిన్న ఊళ్ళో పుట్టింది. తండ్రి జేమ్స్ హిల్ ధాన్యం వ్యాపారి, బ్యాంకు కూడా నడిపాడు. ఇద్దరు భార్యలు పోయాక, తన పిల్లలకు చదువు చెప్పడానికి వచ్చిన కరోలిన్‌ను పెళ్ళి చేసుకున్నాడు. ఆయనకు ఎనిమిదో కూతురు ఆక్టేవియా. పేరులోనే ఆ ఎనిమిది ఉంది.

ఆమెకు రెండేళ్ళు నిండేలోపే, 1840లో, తండ్రి దివాలా తీశాడు. ఆ దెబ్బకు ఆయన మనసు కూడా చెదిరిపోయింది. మళ్ళీ కోలుకుని సంసారం మోసే స్థితికి రాలేదు. ఐదుగురు ఆడపిల్లలతో తల్లి కరోలిన్ పుట్టింటి ఆసరా వెతుక్కోవలసి వచ్చింది. సొంతిల్లు పోవడం, ఒకరి దయ మీద మరో ఇంట్లో తలదాచుకోవడం ఎలా ఉంటుందో ఆ పిల్లలకు ఊహ తెలిసేసరికే తెలిసిపోయింది.

ఆ ఆసరా ఇచ్చిన తాత థామస్ సౌత్‌వుడ్ స్మిత్ మామూలు మనిషి కాదు. లండన్ జ్వరాల ఆసుపత్రిలో వైద్యుడు. పేదల పేటల్లో జ్వరాలు పుట్టేది వాళ్ళ తలరాత వల్ల కాదని, మురుగు పోయే దారి లేక, మంచి నీళ్ళు లేక, గాలి ఆడని ఇళ్ళ వల్లనేనని వాదించిన వాళ్ళలో ఆయన ముందువరుస. 1848లో ఇంగ్లండులో ప్రజారోగ్య చట్టం వచ్చింది. దాన్ని అమలు చేయడానికి ఏర్పడిన బోర్డులో ఆయనా పనిచేశాడు. అలా ఇంటికీ ఆరోగ్యానికీ ముడి ఉందన్న సంగతి మనవరాలు పుస్తకాల్లో కాక తాత ఇంట్లోనే నేర్చుకుంది.

బొమ్మలు చేసే పిల్లల వెంట

1852లో తల్లికి లండన్‌లో ఒక స్త్రీల సహకార పనిశాలలో మేనేజరు ఉద్యోగం దొరికింది. పద్నాలుగేళ్ళు నిండకముందే ఆక్టేవియా కూడా అక్కడ పనిలో చేరింది. నిరుపేద పిల్లలతో బొమ్మల ఇళ్ళకు కావలసిన చిన్న చిన్న కుర్చీలూ బల్లలూ చేయించడం ఆమె బాధ్యత. సరుకు తేవడం, పని పంచడం, లెక్క రాయడం, కూలీ ఇవ్వడం అన్నీ ఆ పిల్లే చూసుకునేది.

పనికి వచ్చే పిల్లలు ఎక్కడ ఉంటున్నారో చూద్దామని ఆమె ఒక్కొక్కరి ఇంటికీ వెళ్ళడం మొదలుపెట్టింది. పగలు బొమ్మల ఇళ్ళకు ముద్దుముద్దు సామాన్లు చేసే పిల్లలు, రాత్రికి చెమ్మ పట్టిన ఇరుకు గదుల్లోకి వెళ్ళి పడుకుంటున్నారు. ఒక్కో గదిలో ఒక్కో కుటుంబం. ఇంటి యజమాని ఎవరో చాలామందికి తెలియదు. మధ్యదళారీ వచ్చి కిరాయి పట్టుకుపోతాడు. ఇల్లు కారినా, కూలినా ఆయనకు పట్టదు. ఎక్కువమందిని ఇరికిస్తే ఎక్కువ డబ్బు, మరమ్మతు చేయకపోతే ఇంకా ఎక్కువ లాభం. ఈ లెక్క ఆ అమ్మాయి మనసులో నాటుకుపోయింది.

స్వర్గం పేరుతో మూడు ఇళ్ళు

అదే రోజుల్లో ఆమెకు జాన్ రస్కిన్‌తో పరిచయమైంది. గాంధీగారి జీవితాన్ని మలుపు తిప్పిన 'అన్ టు దిస్ లాస్ట్' పుస్తకం రాసిన రస్కినే ఆయన. చిత్రాలకు నకళ్ళు గీసే పని ఆమెకు ఇచ్చాడు. 1864లో తండ్రి పోయి ఆస్తి చేతికొచ్చాక, దాన్ని మంచి పనికి వాడాలనుకున్నాడు. పేదలకు ఇచ్చే కిరాయి ఇళ్ళను తానే చూసుకుంటానని ఆక్టేవియా చెప్పింది.

1865లో రస్కిన్ లండన్‌లోని మేరిల్‌బోన్ పేటలో మూడు ఇళ్ళు 750 పౌన్లకు లీజుకు కొన్నాడు. ఆ సందు పేరు పారడైజ్ ప్లేస్, అంటే స్వర్గం! అప్పటికి ఆక్టేవియాకు ఇరవయ్యారేళ్ళు. రస్కిన్ ఒక షరతు పెట్టాడు. పెట్టుబడి మీద ఏటా 5 శాతం రాబడి రావాలి. దానం లెక్కన చేస్తే తనతోనే ఆగిపోతుందని, గిట్టుబాటు అయితే మరికొందరు డబ్బున్నవాళ్ళు ముందుకొస్తారని ఆయన ఆలోచన. ఈ షరతు ఆక్టేవియాకూ నచ్చింది.

ఆమె చేతికొచ్చిన తొలి ఇళ్ళ స్థితి చూస్తే ఎవరైనా వెనక్కి తిరిగి వెళ్ళిపోయేవాళ్ళే. గోడల సున్నం పెచ్చులూడి పడుతోంది. మెట్ల మీద పట్టపగలే చీకటి. మెట్లకు పట్టుకునే కర్ర కమ్మీలు లేవు, చలికి తాళలేక జనమే వాటిని పొయ్యిలో పెట్టేశారు. కప్పు కారేచోట మెట్ల మీద బకెట్టు పెట్టుకున్నారు. నీళ్ళ తొట్టి మురికి పట్టి, కారిపోతోంది. ఒకచోట 192 కిటికీ అద్దాలుంటే, పగలకుండా మిగిలినవి ఎనిమిదే!

ఆమె ముందుగా మురుగు కాలువలు, నీళ్ళు, పైకప్పు బాగుచేయించింది. బతకడానికి అవి తప్పనివి. గదుల్లో సున్నాలు, కిటికీ అద్దాలు మాత్రం ఒకేసారి వేయించలేదు. ఇల్లు చూసుకునే అలవాటు కుదిరిన కొద్దీ ఒక్కొక్కటిగా చేయించింది.

వారం వారం తలుపు దగ్గరికి

ఆ ఊరిలో కిరాయి వారానికోసారి కడతారు. ఆ వసూలుకు దళారీని పంపకుండా తానే వెళ్ళేది ఆక్టేవియా. ఆమె పద్ధతిలోని కిటుకంతా ఇక్కడే ఉంది. చేతిలో లెక్కపుస్తకం, కళ్ళు మాత్రం ఇంటి మీద. మెట్లు కడిగారా, తొట్టి నిండిందా, చెత్త తీశారా, కొత్తగా ఎక్కడైనా పగులు వచ్చిందా - కిరాయి తీసుకునే ఆ కాసేపట్లోనే అన్నీ చూసేది. బయటి వాళ్ళు వచ్చి ఇల్లు సోదా చేసినట్టు ఉండకూడదని ఆమె పట్టు. అడగనిదే లోపలి గదిలోకి వెళ్ళకూడదని తన దగ్గర చేరిన అమ్మాయిలకు నేర్పింది.

మరమ్మతుల కోసం ఏటా ఇంతని కిరాయి డబ్బులోంచే పక్కన పెట్టేది. ఆ డబ్బు విరిగినవాటికీ పగిలినవాటికీ పోగా మిగిలితే, దానితో ఏం చేయించాలో కిరాయిదారులనే చెప్పమనేది. తలుపు గొళ్ళెం ఊడకుండా, తొట్టి పగలకుండా చూసుకుంటే ఆ మిగిలిన డబ్బుతో అల్మారో, ఇంకో సౌకర్యమో తమ ఇంటికే వస్తుంది. దాంతో ఎవరి ఇంటిని వాళ్ళే కనిపెట్టుకోవడం మొదలుపెట్టారు.

పని లేని రోజుల్లో సున్నాలు కొట్టే పని, వడ్రంగం పని ఆ ఇళ్ళలోని మగవాళ్ళకే ఇచ్చింది. మెట్లు, నడవలు కడిగినందుకు ఎదిగిన ఆడపిల్లలకు కూలీ ఇచ్చింది. ఒకే గదిలో ఇరుక్కున్న పెద్ద కుటుంబాలకు రెండో గదిని తగ్గించిన కిరాయికి ఇచ్చి ఇరుకు తగ్గించింది. కిరాయితో పాటే పైసా పైసా కూడబెట్టుకునే పొదుపు కూడా పెట్టించింది. మన పొదుపు సంఘాల అక్కలకు ఇది కొత్తగా అనిపించదు.

మరుసటి ఏడు రస్కిన్ దగ్గర్లోని ఫ్రెష్‌వాటర్ ప్లేస్‌లో మరికొన్ని ఇళ్ళు కొన్నాడు. అక్కడ ఉన్న కాస్త ఖాళీ జాగాను ఆమె పిల్లల ఆటస్థలంగా మార్చింది. ఇల్లంటే నాలుగు గోడలే కాదు, పిల్ల ఆడుకునే చోటు కూడా అని ఆమె నమ్మకం.

చట్టం కన్ను, మనిషి కన్ను

ఇదే కాలంలో అక్కడి ప్రభుత్వం కూడా కదిలింది. 1868లో వచ్చిన టొరెన్స్ చట్టం ప్రకారం మనుషులు ఉండడానికి పనికిరాని ఇంటిమీద ఆరోగ్యాధికారి నివేదిక ఇవ్వచ్చు. ఇంటి యజమాని బాగుచేయాలి, లేదా మూసేయాలి. 1875 చట్టం మురికిపేటలనే పడగొట్టి కొత్త ఇళ్ళు కట్టే వీలిచ్చింది. కాగితం మీద ఇవి మంచి చట్టాలే. కానీ ఇల్లు మూసేస్తే అందులో ఉన్నవాళ్ళు ఎక్కడికి పోవాలి? అందుకని చాలామంది నోరు విప్పేవాళ్ళు కాదు. పేట పడగొడితే పక్కపేటలోని పాత ఇళ్ళలోకి ఇంకా ఇరుక్కునేవాళ్ళు.

ఆక్టేవియా పద్ధతిలో ఇల్లు మూతపడదు, మనిషి వీధిన పడడు. ఉన్న ఇల్లే కొంచెం కొంచెంగా బాగుపడుతుంది. తనిఖీ అధికారి ఫిర్యాదు వస్తే వచ్చి నోటీసు రాసి వెళ్ళిపోతాడు. ఆమె ఫిర్యాదు రాకముందే వస్తుంది, వచ్చే వారం మళ్ళీ వస్తుంది. పైగా మరమ్మతు డబ్బు ఆమె చేతిలోనే ఉంది. అందుకే 1874 నాటికి పదిహేను చోట్ల, సుమారు 3,000 మంది ఆమె చూసే ఇళ్ళలో ఉంటున్నారు. 1884లో అక్కడి చర్చి ఆస్తుల కమిషనర్లు కూడా సదర్క్ వంటి పేటల్లో తమ ఇళ్ళను చూసిపెట్టమని ఆమెనే అడిగారు.

ఇంత పని ఒక్కరివల్ల కాదు. ఆమె ఆడవాళ్ళనే చేరదీసింది. లెక్కలు, చట్టం, మురుగు కాలువల సంగతి, సున్నం పని ఖరీదు అన్నీ వాళ్ళకు నేర్పింది. ఆమెతో చిన్నప్పుడు బొమ్మల పనిశాలలో ఉన్న ఎమ్మా కాన్స్ కూడా అలా తయారైనదే. మొదట్లో ఊరికే చేసిన ఈ పని తర్వాత జీతం ఉన్న ఉద్యోగమైంది. ఆక్టేవియా పోయిన నాలుగేళ్ళకు, 1916లో, ఇళ్ళ నిర్వహణ చూసే మహిళలు తమకంటూ ఒక సంఘమే పెట్టుకున్నారు.

కటువైన మాట కూడా చెప్పుకోవాలి

ఆక్టేవియాను దేవతను చేయనక్కర్లేదు. కిరాయి బాకీ పెడితే ఆమె ఊరుకునేది కాదు. వరసగా కట్టనివాళ్ళను ఖాళీ చేయించింది. కూలీ దొరకని వారం, జ్వరం వచ్చిన వారం ఎవరి ఇంట్లోనైనా ఉంటుంది కదా! ఇల్లు చూసే మనిషే కిరాయి అడిగే మనిషి కూడా అయితే, ఆమె ఎంత మంచిదైనా కిరాయిదారు గుండెలో ఒక మూల బెరుకు ఉంటుంది. ఇల్లు కారుతోందని చెప్పాలన్నా ముందు బాకీ గుర్తొస్తుంది.

పేదల ఇళ్ళలో ప్రతి వాటాకూ నల్లా అక్కర్లేదని, అంతస్తుకొకటి ఉంటే చాలని ఆమె వాదించింది. ఖర్చు తక్కువైతేనే కిరాయి తక్కువ అవుతుందని ఆమె లెక్క. బిందెలు మోసే ఆడవాళ్ళను అడిగితే ఆ లెక్క వేరుగా ఉండేది. ప్రభుత్వమో మున్సిపాలిటీయో ఇళ్ళు కట్టి ఇవ్వడం ఆమెకు నచ్చలేదు. స్త్రీలకు పార్లమెంటు ఓటు కావాలన్న ఉద్యమాన్ని కూడా ఆమె సమర్థించలేదు. ఒక మనిషి ఒక విషయంలో ముందుచూపుతో, ఇంకో విషయంలో వెనకచూపుతో ఉండడం మనకు తెలియనిదేం కాదు.

1877లో పని భారం, మనోవేదన కలిసి ఆమె ఆరోగ్యం దెబ్బతింది. అంతవరకూ అండగా నిలిచిన రస్కిన్‌తో కూడా చెడింది. ఆయన ఆమెను పత్రికాముఖంగా నిందించాడు. కొన్నాళ్ళు దూరదేశాల్లో విశ్రాంతి తీసుకుని మళ్ళీ పనిలోకి దిగింది. అప్పటినుంచి చివరిదాకా హారియట్ యార్క్ అనే స్నేహితురాలు ఆమెకు తోడుగా ఉంది.

ఆటస్థలంతో మొదలైన ఆలోచన 1895లో జాతీయ ట్రస్టు దాకా వెళ్ళింది. మరో ఇద్దరితో కలిసి ఆమె స్థాపించిన ఆ సంస్థ ఇంగ్లండులో కొండలు, అడవులు, పాత కట్టడాలు జనం చూసేందుకు కాపాడుతోంది. 1905లో పేదల చట్టాలపై వేసిన రాయల్ కమిషన్‌లో సభ్యురాలైంది. 1912 ఆగస్టు 13న డెబ్బయి మూడో ఏట కన్నుమూసింది. తొలి మూడిళ్ళు ఉన్న పారడైజ్ ప్లేస్‌ను ఇప్పుడు గార్బట్ ప్లేస్ అంటున్నారు. అక్కడి గోడకు ఆమె పేరుతో నీలిరంగు ఫలకం ఉంది.

మన ఇంటి సంగతి

ఆమె తర్వాత చాలా నగరాలు ఆ వారం వారం చూసే కన్నును ఇంటి యజమాని చేతిలోంచి నగరపాలిక చేతిలోకి మార్చాయి. అమెరికాలోని లాస్ ఏంజిలిస్ 1998లో ఒక పథకం పెట్టింది. ఎవరూ ఫిర్యాదు చేయకపోయినా కిరాయికిచ్చే వాటాల ఇళ్ళను కొన్నేళ్ళకోసారి తనిఖీ చేయాలన్నది దాని పద్ధతి. చెప్పిన కిరాయిదారు ఎవరన్న ప్రశ్నే రాదు. చెబితే ఖాళీ చేయిస్తారన్న భయానికి ఇది మంచి మందు.

మన మున్సిపాలిటీలు ఇంటి పన్నుకు కొలతలు తీసుకుంటాయి, కూలిపోయేలా ఉన్న పాత ఇళ్ళకు నోటీసులిస్తాయి. ఆ రెంటికీ మధ్య ఉన్న ఇంటిని, అంటే కూలదు గానీ కారుతుంది అన్న ఇంటిని, పనిగట్టుకుని చూసే ఏర్పాటు మనకు లేదు. అలాగని చేతిలో ఏమీ లేదనుకోవద్దు. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టంలోని 108వ సెక్షను ఇప్పటికీ ఉంది. ఇంటాయన చేయించాల్సిన మరమ్మతును, చెప్పిన తర్వాత తగిన గడువులోగా చేయించకపోతే, కిరాయిదారే చేయించుకుని ఆ ఖర్చును కిరాయిలో తగ్గించుకోవచ్చని అది చెబుతోంది. ఒప్పందంలో వేరేగా రాసుకుంటే మాత్రం ఆ రాతే చెల్లుతుంది. అందుకే సంతకం పెట్టేముందు మరమ్మతులు ఎవరివో చదువుకోవాలి. మరమ్మతు సంగతి నోటిమాటగా కాక, తేదీ వేసి కాగితం మీద రాసివ్వాలి. కిరాయి కట్టిన రసీదు దాచుకోవాలి. 1960 నాటి కిరాయి నియంత్రణ చట్టం వర్తించే ఇళ్ళలో, సరైన కారణం లేకుండా నల్లా, కరెంటు ఆపేస్తే రెంట్ కంట్రోలరు దగ్గరికి వెళ్ళచ్చు.

ఇక ఇది చదివే వాళ్ళలో కింది వాటానో పై అంతస్తునో కిరాయికిచ్చిన ఇంటి యజమానురాళ్ళూ ఉంటారు. ఆక్టేవియా లెక్క మీరూ ఒక ఏడాది వేసి చూడండి. నెల నెలా వచ్చే కిరాయిలోంచి కొంత మరమ్మతుల పేరున డబ్బాలో వేయండి. ఆ సంగతి కిరాయికున్న ఆమెకు చెప్పండి. వానాకాలం ముందు ఇద్దరూ కలిసి పైకి ఎక్కి స్లాబు, నీళ్ళు పోయే తూములు చూడండి. ఏడాది చివర డబ్బాలో మిగిలితే వంటింటికి జాలీ వేయించాలా, సున్నం కొట్టించాలా అన్నది ఆమెనే చెప్పమనండి.